ఐబీఎస్: కారం మీద నింద, ఉల్లిగడ్డకు క్షమాపణ

అపోహ: పొద్దున నాలుగుసార్లు విరేచనానికి పోవాల్సి వస్తే అమీబానే.

వాస్తవం: వరంగల్ చుట్టుపక్కల అమీబాకు వాడే మెట్రోనిడజోల్ మందును కోర్సు మీద కోర్సు మింగి వచ్చేవాళ్లు చాలామంది. అమీబా అనాలంటే మల పరీక్షలో ఆధారం కావాలి. అది లేకపోతే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్: కడుపునొప్పితో పాటు విరేచనాల తీరు మారే పేగు సమస్య) కావచ్చు. ఐబీఎస్‌ను లక్షణాల తీరుతో గుర్తిస్తాం. దానికి డాక్టర్లు వాడే రోమ్ 4 ప్రమాణాల (2016) ప్రకారం గత 3 నెలలుగా వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. విరేచనంతో నొప్పికి సంబంధం, వెళ్లే సార్లలో మార్పు, మలం గట్టిదనంలో మార్పు, ఈ మూడింటిలో రెండుండాలి. బాధ మొదలై 6 నెలలు దాటి ఉండాలి.

అపోహ: కారం మానేస్తే తగ్గిపోతుంది.

వాస్తవం: కారం కొందరికి పడదు, నిజమే. కానీ పచ్చిపులుసు తాగి ఉబ్బరం వస్తే ముందు అనుమానించాల్సింది అందులోని పచ్చి ఉల్లిగడ్డను. ఉల్లి, ఎల్లిగడ్డ, గోధుమల్లోని ఫ్రుక్టాన్లు అనే పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. సర్వపిండిలో ఉల్లికి శనగపప్పు కూడా తోడవుతుంది. షుగర్ భయంతో రాత్రి అన్నం మాని చపాతీకి మారినవాళ్లకు బాధ పెరగడం గోధుమల వల్లే. అన్నం, జొన్నరొట్టె చాలామందికి పడతాయి.

ఎల్లిగడ్డ వాసన వదల్లేకపోతే రెబ్బలను నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టండి. ఫ్రుక్టాన్లు నూనెలోకి దిగవు, నీళ్లలోకి దిగుతాయి. కాబట్టి చారులో వేసి ఏరేస్తే లాభం లేదు.

ఉల్లి, ఎల్లిగడ్డ, గోధుమల్లాంటివి మానే ఈ పథ్యం 4–6 వారాలే. తర్వాత ఒక్కో పదార్థాన్ని 3 రోజుల పాటు, కొంచెం నుంచి మామూలు మోతాదు దాకా తిని చూడాలి. పడినవి మళ్లీ తినాలి. ఏళ్లతరబడి అన్నీ మానేసినవాళ్లు బక్కచిక్కుతారు తప్ప బాగుపడరు.

అపోహ: పీచు ఎంత తింటే అంత మంచిది.

వాస్తవం: గోధుమ పొట్టు ఉబ్బరాన్ని పెంచుతుంది. ఇసబ్‌గోల్ నయం, రోజుకు 3–4 గ్రాములతో మొదలుపెట్టి, నిండు గ్లాసు నీళ్లతో తీసుకుని, మెల్లగా పెంచాలి.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ అయితే రోగం మనసులోనే.

వాస్తవం: నొప్పి నిజమే. మామూలు గ్యాస్‌కే పేగు నరాలు అతిగా స్పందిస్తాయి. రాత్రి 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాసేది ఆ నరాల కోసమే, డిప్రెషన్ మందని మానేయకండి. అది మలబద్ధకం తెస్తుంది కనుక ఆ బాధ ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి.

అపోహ: ఐబీఎస్ అన్నాక ఇక పరీక్షలెందుకు?

వాస్తవం: మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, నిద్రలేపే విరేచనాలు, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్: వీటిలో ఏ ఒక్కటున్నా ఐబీఎస్ పేరుతో గోళీలు వేసుకుంటూ కూర్చోకుండా గ్యాస్ట్రో డాక్టరుకు చూపించుకోవాలి.