ఓల్డ్ ట్రాఫర్డ్ కప్పు ఎందుకు కారుతోంది?

2024 మే 12, ఆదివారం రాత్రి. మర్నాడు మనకు పోలింగ్. ఆ హడావుడిలోనూ బెజవాడలో కొందరు టీవీల ముందు కూర్చుని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్ మ్యాచ్ చూశారు. యునైటెడ్ 0-1తో ఓడింది. అంతకంటే పరువు తీసిన దృశ్యం వేరే ఉంది. కుండపోత వానకు ఓల్డ్ ట్రాఫర్డ్ కప్పు అంచు నుంచి నీళ్ళు ధారలు కట్టి ప్రేక్షకుల మీద పడ్డాయి. ప్రపంచంలో అత్యంత సంపన్న క్లబ్బుల్లో ఒకదాని సొంత మైదానం పరిస్థితి అది.

ఆ మైదానం 1910లో మొదలైంది. దివాలా అంచున ఉన్న న్యూటన్ హీత్ అనే క్లబ్‌ను 1902లో జాన్ హెన్రీ డేవిస్ అనే బీరు వ్యాపారి ఆదుకుని పేరు మాంచెస్టర్ యునైటెడ్‌గా మార్చాడు. తర్వాత ఆయన డబ్బుతోనే ఓల్డ్ ట్రాఫర్డ్ లేచింది. 1941లో జర్మన్ బాంబులకు చాలా భాగం కూలిపోతే, 1949 దాకా యునైటెడ్ పక్క క్లబ్ మాంచెస్టర్ సిటీ మైదానంలో ఆడుకుంది. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగి చనిపోయిన దుర్ఘటన తర్వాత పెద్ద క్లబ్బులన్నీ నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి సీట్లు వేయాల్సి వచ్చింది. సీట్లు తగ్గినా మళ్ళీ స్టాండ్లు పెంచుకుంటూ 2006కల్లా 76 వేల దాకా తెచ్చుకున్నారు. పెద్ద విస్తరణ అదే ఆఖరు.

ఎందుకు ఆఖరైందో తెలియాలంటే 2005కు వెళ్ళాలి. అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం ఆ ఏడాది దాదాపు 79 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను కొంది. అందులో పెద్ద భాగం అప్పు. అప్పటిదాకా బాకీ లేని క్లబ్ నెత్తినే ఆ అప్పు పెట్టారు. కొనబోయే ఇంటినే తాకట్టు పెట్టి, వాయిదాలు అందులో అద్దెకున్నవాళ్ళ చేత కట్టించినట్టు. ఏటా వచ్చే టికెట్ల డబ్బు, టీవీ డబ్బు ముందు వడ్డీకి పోయింది. కప్పు, సీట్లు, పైపులు తర్వాత. కోపం వచ్చిన కొందరు అభిమానులు అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ అనే సొంత క్లబ్ పెట్టుకున్నారు. 2021 మేలో మరికొందరు మైదానంలోకి దూసుకుపోయి లివర్‌పూల్‌తో మ్యాచ్ వాయిదా వేయించారు.

2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ వ్యాపారి క్లబ్‌లో పావు వంతుకు కాస్త ఎక్కువ వాటా కొన్నాడు. ఏడాది తిరిగేసరికి లక్ష సీట్ల కొత్త స్టేడియం ప్రకటించారు. అంచనా 200 కోట్ల పౌండ్లు. పాతదాన్నే పెంచుదామంటే దక్షిణపు స్టాండ్ వెనక్కి ఆనుకుని రైలు పట్టాలున్నాయి. కొత్తది కట్టాలంటే చుట్టుపక్కల స్థలం కావాలి, మళ్ళీ డబ్బు కావాలి. పాత అప్పు తీరకుండా ఆ డబ్బు ఎవరిస్తారన్నదే అసలు చిక్కు.

అదే ఊళ్ళో సిటీ ఆడే ఎతిహాద్ స్టేడియం నగర కౌన్సిల్‌ది. 2002 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టి, తర్వాత క్లబ్‌కు 250 ఏళ్ళ లీజుకిచ్చారు. అంత పొడుగు లీజు ఉంటే ఏ క్లబ్ అయినా సొంత ఆస్తిలాగే చూసుకుంటుంది. ప్రభుత్వ ఆస్తి కాబట్టే పాడవుతుందని మన దగ్గర తేలిగ్గా అనేస్తాం గానీ, అది నిజం కాదు.

బందరు రోడ్డులోని మన ఇందిరాగాంధీ స్టేడియం కూడా నగరపాలక సంస్థదే. 2002 నవంబరు 24న అక్కడ జరిగిన భారత్, వెస్టిండీస్ వన్డేలో శామ్యూల్స్ సెంచరీ కొట్టి సిరీస్ లాగేసుకోవడం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత పెద్ద క్రికెట్ విశాఖకు పోయింది. ఇక్కడ మిగిలినవి పంద్రాగస్టు పరేడ్లు, సభలు. టికెట్ల ఆదాయంతో బతికే క్లబ్ ఏదీ దాన్ని ఇల్లు చేసుకోలేదు. ఫుట్‌బాల్ క్లబ్ అయినా వస్తుందా అంటే, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. గచ్చిబౌలిలో ప్రభుత్వ మైదానంలో ఆడేది. జీతాలకు కటకట, యజమానుల మార్పు, చివరికి 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. కదలకుండా పట్టి ఉంచే సొంత మైదానమేదీ దానికి లేదు.

కాబట్టి మన స్టేడియం బాగుచేస్తామని ఎవరు ప్రకటించినా డిజైన్ బొమ్మల కంటే ముందు లీజు కాగితం అడగాలి. ఎన్నేళ్ళు, ఎవరికి, మరమ్మతులు ఎవరి ఖాతాలో? అదే రోడ్డులో స్వరాజ్ మైదానం 2024 జనవరిలో అంబేడ్కర్ స్మృతివనంగా మారింది. దాని మంచిచెడ్డల సంగతి అలా ఉంచితే, నగరం నడిబొడ్డున ఖాళీ స్థలానికి ఆటలు కాని గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.