చుక్క ఏ రంగులో పడింది?

ఏడాది నిండిన మగపిల్లాడు 7.6 కిలోలు తూగాడనుకోండి. అది తక్కువా, ఫర్వాలేదా? ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. అదే వయసు పిల్లలు ఎంతెంత ఉంటారో, వాళ్ల వరసలో ఈ బాబు ఎక్కడ నిలబడతాడో తెలియాలి. అంగన్‌వాడీ టీచరు తూకం చూశాక కార్డు మీద చుక్క పెట్టేది అందుకే. ఆకుపచ్చలో పడితే మామూలు, పసుపులో పడితే బరువు తక్కువ, నారింజలో పడితే మరీ తక్కువ. ఆ రంగుల మధ్య గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే, దారి టిమ్ కోల్ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త దగ్గరికి తీసుకెళ్తుంది. కేంబ్రిడ్జ్‌లోని డన్ పోషకాహార కేంద్రంలో, తర్వాత లండన్‌లో పిల్లల ఆరోగ్య పరిశోధన సంస్థలో పనిచేసిన ఆయన, పిల్లల ఎదుగుదలను కొలిచే పద్ధతుల మీదే దశాబ్దాలు గడిపారు.

చిక్కంతా బరువుతోనే. ఎత్తు చాలావరకు బుద్ధిగా ఉంటుంది. సగటుకి పైన ఎంతమంది ఎంత దూరంలో ఉంటారో, కిందా దాదాపు అంతే. బరువు అలా కాదు, పైవైపు సాగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఏడాది మగపిల్లల మధ్య బరువు 9.6 కిలోలు. పై హద్దు 12.0, కింది హద్దు, అంటే పసుపు మొదలయ్యే గీత, 7.7. అంటే పైకి 2.4 కిలోల దూరం, కిందికి 1.9 మాత్రమే. ఇది పట్టించుకోకుండా రెండు వైపులా ఒకే దూరం పెట్టేస్తే కింది గీత 7.5 దాకా జారిపోతుంది. అప్పుడు మన 7.6 కిలోల బాబు ఆకుపచ్చలో పడతాడు. తల్లితో ‘బాగానే ఉన్నాడమ్మా’ అని చెప్పి పంపేస్తారు. నిజానికి వాడు పసుపులో ఉండాల్సిన పిల్లాడు. వంద గ్రాములు, రెండు వందల గ్రాముల తేడాలో పోషకాహారం అందాల్సిన బిడ్డ జారిపోతాడు. అందుకే ఈ లెక్క నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

కోల్ 1988లో ప్రతిపాదించి, 1992లో పీటర్ గ్రీన్‌తో కలిసి మెరుగుపరిచిన పద్ధతి పేరు ఎల్ఎంఎస్. ప్రతి వయసుకీ మూడే అంకెలు. ఎం అంటే మధ్యలో నిలబడే పిల్లాడి బరువు. ఎస్ అంటే పిల్లలు ఆ మధ్య నుంచి ఎంత చెదిరి ఉన్నారన్నది. అసలు కీలకం ఎల్‌ది. ఒకవైపు సాగిన రబ్బరు షీటుని లాగి సరిచేసినట్టు, ఒరిగిపోయిన లెక్కని అది నిటారుగా నిలబెడుతుంది. సరిచేశాక మామూలు కొలతబద్ద పెట్టి దూరం చూడొచ్చు. ఈ మూడూ వయసుతోపాటు మెల్లగా మారుతూ మూడు నునుపైన గీతలవుతాయి. ఒకప్పుడు కంటి అంచనాతో చేత్తో నునుపు చేసిన గీతల స్థానంలో సూత్రం ప్రకారం వేసే లెక్క వచ్చింది.

2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచి కొత్త ప్రమాణాలు తెచ్చింది. అందులో దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. బరువు పట్టికల్లో ఈనాటికీ కనిపించేవి ఎల్, ఎం, ఎస్ అంకెలే. మన అంగన్‌వాడీలకు ఆ ప్రమాణాలు 2008లో వచ్చాయి.

ఎదుగుదల గీతల్ని ఒకదానితో ఒకటి ఎలా పోల్చాలన్న ప్రశ్న మీద 1958లోనే వ్యాసం రాసినవారు మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. ఈ మాట చెప్పకుండా ముందుకి పోబుద్ధి కాలేదు.

గీతలు వేసిన కోల్‌కి వాటి లోటూ తెలుసు. అవి వేలమంది పిల్లల్ని కలిపి చెప్పేవి. ఒక్క పిల్లాడి దారి వేరు. ఒకడు 12 ఏళ్లకే ఒక్కసారిగా పొడుగవుతాడు, ఇంకొకడు 15కి. ఇద్దరి సగటు తీస్తే ఆ దూకుడు చప్పబడిపోతుంది. సగటు గీతలాగా ఎదిగే పిల్లాడు ఏ ఇంట్లోనూ దొరకడు. 2010లో ఆయన సహచరులతో కలిసి తెచ్చిన ‘సితార్’ పద్ధతి దీనికోసమే. అందరికీ ఒకే ఆకారపు గీత తీసుకుని, ఒక్కో పిల్లాడికి దాన్ని పైకీ కిందికీ జరుపుతారు, ముందుకీ వెనక్కీ జరుపుతారు, సాగదీస్తారు లేదా కుదిస్తారు. పిల్లాడు ఎంత పెద్దవాడు, ఎప్పుడు ఎదిగాడు, ఎంత వేగంగా ఎదిగాడు అన్నవి విడివిడిగా బయటపడతాయి.

ఏడాది బాబుకి అంత లెక్క అక్కర్లేదు, కిందటి నెల చుక్క చాలు. 7.6 కిలోల పిల్లలు ఇద్దరున్నారు. ఒకడు కిందటి నెల 7.3 ఉన్నాడు, రెండోవాడు 7.9. ఇద్దరి చుక్కా ఇవాళ పసుపులోనే పడింది. ముందు డాక్టరుకి చూపించాల్సింది మాత్రం రెండోవాణ్ణి.