క్యాంప్ నెల్సన్: మగాడికి స్వేచ్ఛ, ఆలుబిడ్డలకు బానిసత్వం

అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ బానిసలకు విముక్తి ప్రకటించాడని స్కూల్లో చదువుకున్నాం. అందులో ఒక మెలిక ఉంది. ఆ ప్రకటన తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌లో, అంటే లింకన్ ప్రభుత్వ పక్షంలో, ఉండిపోయిన కెంటకీ లాంటి రాష్ట్రాల్లో యజమానుల జోలికి లింకన్ పోలేదు. వాళ్లను దూరం చేసుకుంటే యుద్ధమే చేజారుతుందని భయం. 1860 జనాభా లెక్కల ప్రకారం కెంటకీలో 2,25,000 మందికి పైగా బానిసలున్నారు. కెంటకీలోని క్యాంప్ నెల్సన్ అనే సైనిక శిబిరంలో జరిగినదానికి మూలం ఈ మెలికే.

తూర్పు టెన్నెసీ మీదికి వెళ్లే యూనియన్ సేనలకు సరుకులు అందించడానికి 1863లో జెస్సమిన్ కౌంటీలో ఈ శిబిరం పెట్టారు. చోటు మంచిదే ఎంచుకున్నారు. కెంటకీ నది, హిక్‌మన్ వాగు ఉన్న వైపు 400 అడుగుల నిట్టనిలువు కొండచరియలు. ఇక ఉత్తరం వైపు కోటలు కడితే సరిపోయింది. 4,000 ఎకరాల్లో 300కు పైగా కట్టడాలు లేచాయి: గిడ్డంగులు, గుర్రపుశాలలు, పెద్ద బేకరీ, పది వార్డులతో 700 పడకల ఆసుపత్రి. ఆవిరి యంత్రంతో నది నీళ్లను కొండపైకి తోడి, అక్కడి నుంచి పైపుల్లో ఆసుపత్రికి పంపేవారు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ కోటల కోసం, రోడ్ల కోసం మట్టి మోసినవాళ్లలో చాలామంది బానిసలే. సైన్యం వాళ్లను యజమానుల దగ్గర నుంచి బలవంతంగా పనికి రప్పించుకుంది.

శిబిరానికి ఆ పేరు జనరల్ విలియం నెల్సన్ మీద వచ్చింది. ఈ యూనియన్ జనరల్‌ను 1862లో లూయీవిల్ హోటల్లో కాల్చి చంపింది శత్రువు కాదు, తన పక్షం జనరలే. చంపినాయన పేరు జెఫర్సన్ డేవిస్. దక్షిణాది అధ్యక్షుడి పేరూ అదే కావడం విచిత్రం! చంపినాయనకు శిక్ష మాత్రం పడలేదు.

కెంటకీలో 1864లో నల్లజాతి వాళ్లను సైన్యంలోకి తీసుకోవడం మొదలైంది. మొదట్లో యజమాని ఒప్పుకుంటేనే భర్తీ. వేసవికల్లా ఆ షరతు పోయింది. ఇక రాత్రికి రాత్రి పారిపోయి వచ్చినవాళ్లతో క్యాంప్ నిండిపోయింది. పేరు రాయించుకుంటే స్వేచ్ఛ. ఇక్కడే పదివేల మందికి పైగా చేరారు, ఎనిమిది రెజిమెంట్లు ఏర్పడ్డాయి.

వాళ్ల వెంట పెళ్లాం పిల్లలూ వచ్చారు. వాళ్లు మాత్రం చట్టం దృష్టిలో ఇంకా యజమాని ఆస్తే. క్యాంప్‌లో బట్టలు ఉతుకుతూ, వంటలు చేస్తూ, గుడిసెలు వేసుకుని బతికేవారు. కమాండర్ స్పీడ్ ఫ్రైకి ఇది తలనొప్పి. అంతకు ముందూ చాలాసార్లు గెంటేశాడు, వాళ్లు మళ్లీ వచ్చారు. 1864 నవంబర్ చివర్లో, గడ్డకట్టే చలిలో, దాదాపు 400 మందిని బండ్లెక్కించి బయటికి తోలించాడు. తిరిగి రాకుండా గుడిసెలు తగలబెట్టించాడు.

జోసెఫ్ మిల్లర్ అనే సైనికుడు ఆ వారమే ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది. ఏడేళ్ల కొడుకు జబ్బుతో ఉన్నాడు, చలిలోకి తీసుకెళ్తే చనిపోతాడని బతిమాలాడట. కాపలావాడు వినలేదు. ఆ రాత్రి ఆరు మైళ్లు నడిచి నికొలస్‌విల్ వెళ్లి చూస్తే, కుటుంబం ఒక పాత ప్రార్థనా మందిరంలో ఉంది. పిల్లాడు అప్పటికే చనిపోయాడు. రాత్రికి డ్యూటీకి తిరిగి వచ్చి, మర్నాడు మళ్లీ నడిచి వెళ్లి, తనే గొయ్యి తవ్వి కొడుకును పూడ్చాడు. తర్వాత కొద్ది వారాల్లోనే భార్య, మిగిలిన పిల్లలు, చివరికి 1865 జనవరి 6న మిల్లర్ కూడా పోయారు. ఆ 400 మందిలో చనిపోయినవాళ్లు 102 మంది.

వార్త న్యూయార్క్ పత్రికకెక్కింది, గొడవైంది. సైన్యం వెనక్కి తగ్గి శరణార్థుల కోసం ఇళ్లు కట్టింది. 1865 మార్చి 3న అమెరికా కాంగ్రెస్ నల్లజాతి సైనికుల భార్యాపిల్లలకూ స్వేచ్ఛ ఇస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చిందంటే దాని వెనక మిల్లర్ లాంటివాళ్ల వాంగ్మూలాలున్నాయి. దాంతో జనం వెల్లువలా వచ్చారు, మూడు వేలు దాటారు. జబ్బులూ వచ్చాయి, చావులూ పెరిగాయి.

బానిసత్వాన్ని వ్యతిరేకించిన పాస్టర్ జాన్ ఫీ అక్కడ బడి నడిపాడు. బెల్ మిచెల్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి అమ్మాయిని టీచర్‌గా తెచ్చి, భోజనాల హాల్లో అందరితో పాటు కూర్చోబెట్టాడు. తెల్ల టీచర్లు, అధికారులు బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోయారు. ఫీ ఊళ్లో లేని సమయం చూసి ఆ అమ్మాయిని పంపించేశారు. బానిసత్వంతో పోరాడటానికి వచ్చినవాళ్లకే ఒకే బల్ల మీద అన్నం తినడం కష్టమైంది.

యుద్ధం ముగిశాక 1866లో క్యాంప్ మూసేసి కట్టడాలు అమ్మేశారు. అధికారులు ఉన్న తెల్లటి ఇల్లు ఒక్కటే మిగిలింది. మిగతాది పొలాలైపోయింది. తర్వాతెప్పుడో పురావస్తు తవ్వకాల్లో కాలిన గుడిసెల ఆనవాళ్లు, గుండీలు, పూసలు దొరికాయి. వాంగ్మూలాల్లో ఉన్న మాట మట్టిలోనూ కనిపించింది. 2018 అక్టోబర్‌లో ఆ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించారు.

బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణను కెంటకీ 1865లో తోసిపుచ్చింది. లాంఛనంగా ఆమోదం తెలిపింది 1976లో. క్యాంప్ మూతపడ్డాక కొన్ని కుటుంబాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. పక్కనే స్థలాలు తీసుకుని ఊరు కట్టుకున్నాయి. హాల్ అనే ఆ పల్లె ఇప్పటికీ ఉంది.