డిస్టోపియా నవలలో పాత్ర మేల్కొనడం: అపోహలు - వాస్తవాలు

డిస్టోపియా అంటే మనుషుల్ని అణిచి ఉంచే పాలన నడిచే ఊహాలోకం. ఆ పాలనను నమ్మి బతికిన పాత్ర దాన్ని అనుమానించడం మొదలుపెట్టడమే మేల్కొనడం.

అపోహ: ఒక్క దెబ్బతో పాత్ర కళ్లు తెరుచుకుంటాయి.

వాస్తవం: పాఠకుడి నమ్మకం సడలేది ఎక్కువగా ఇక్కడే. బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ (1953)లో సంతోషంగా ఉన్నావా అని పొరుగింటి అమ్మాయి అడగడమే, పుస్తకాలు తగలబెట్టే ఉద్యోగం చేసే మాంటాగ్‌ను మార్చిందంటారు. ఆమె అడిగేనాటికే అతని ఇంట్లో వెంటిలేటర్ జాలీ వెనక పుస్తకాలు దాచి ఉన్నాయి. ఆ ప్రశ్న దాచుకున్నదాన్ని కదిలించింది, అంతే. కాబట్టి పెద్ద సంఘటనకు ముందే పాత్ర నమ్మకంలో కనీసం మూడు చిన్న బీటలు పెట్టుకోండి. మొదటిదానికి పాత్ర ప్రభుత్వం నేర్పిన మాటలతోనే సర్దిచెప్పుకోవాలి. రెండోసారి ఆ సర్దుబాటు సరిగా అతకకూడదు. మూడోసారి పాత్ర ఏదో దాచాలి, పట్టుబడితే నష్టం ఉండాలి. మూడూ ఒకే అధ్యాయంలో కుక్కితే రచయిత చెయ్యి కనబడిపోతుంది. మధ్యలో మామూలు రోజులు గడవనివ్వండి.

అపోహ: మేల్కొన్న పాత్ర ‘స్వేచ్ఛ’, ‘హక్కులు’ అంటూ ఆలోచిస్తుంది.

వాస్తవం: ఆ మాటలు ఆ లోకంలో ఎవరు నేర్పారు? జమ్యాటిన్ రష్యన్ నవల ‘మేము’లో గణితవేత్త డి-503 తనలో వచ్చిన మార్పును జబ్బనుకుంటాడు. నీలో ఆత్మ ఏర్పడిందని డాక్టరు కూడా రోగం పేరు చెప్పినట్టే చెబుతాడు. లెక్కల మనిషి కాబట్టి అతని కలవరం మైనస్ ఒకటి వర్గమూలం రూపంలో, అంటే మామూలు సంఖ్యల్లో ఇమడని సంఖ్యగా వస్తుంది. ఎంత చక్కటి ఎంపిక! మీ పాత్ర గిడ్డంగి గుమాస్తా అయితే సందేహం ‘నిల్వ తేలడం లేదు’ అన్నట్టు రావాలి. డ్రాఫ్ట్ అయ్యాక నియంతృత్వం, అణచివేత, స్వేచ్ఛ లాంటి మాటలన్నిటి కిందా గీత గీయండి. పాత్రకు ఆ మాట ఎలా తెలిసిందో చెప్పలేకపోతే కొట్టేయండి. ఆ చోట కంటికి కనబడిన వస్తువునో, ఒంట్లో కలిగిన ఇబ్బందినో రాయండి. ప్రథమ పురుషలో, అంటే ‘అతను’, ‘ఆమె’ అంటూ కథ చెప్పేటప్పుడు ఈ పొరపాటు ఎక్కువ. కథకుడికి తెలిసిందంతా పాత్ర తలలోకి జారిపోతుంది.

అపోహ: అన్నీ విడమరిచి చెప్పే గురువు ఉండాలి.

వాస్తవం: అప్పుడు ఒక బోధ పోయి ఇంకో బోధ వస్తుంది. ఆ పెద్దమనిషికి సగమే తెలియనివ్వండి, ఒకచోట తప్పు చెప్పనివ్వండి. ఆ తప్పును పాత్ర పట్టుకుందంటే సొంత ఆలోచన మొదలైనట్టే.

అపోహ: మేల్కొన్న వెంటనే తిరుగుబాటు.

వాస్తవం: నిఘాలో బతికే మనిషి ముందు భయపడతాడు. మునుపటికన్నా వినయంగా ఉంటాడు, నినాదం అందరికన్నా గట్టిగా అరుస్తాడు. అదే నినాదాన్ని మొదటి అధ్యాయంలో నమ్మకంతో పలికించి ఉంటే, ఇక్కడ అక్షరం మార్చకుండా మళ్లీ పలికించండి. లోపల ఏం మారిందో విడిగా రాయక్కర్లేదు.