ఆగస్ట్ విలిచ్: కమ్యూనిస్టు తిరుగుబాటుదారుడు, అమెరికా సేనాని – అపోహలు, వాస్తవాలు

చరిత్ర బోధనలో 1848 నాటి ఐరోపా విప్లవాలు ఒక పాఠం, అమెరికా అంతర్యుద్ధం వేరొక పాఠం. రెండింటిలోనూ ఆయుధం పట్టిన ఆగస్ట్ విలిచ్ వంటివారు ఆ రెండు పాఠాల నడుమ జారిపోతుంటారు. మార్క్స్ జీవితం చదివినవారికి కూడా ఆయన ఎక్కువగా ఒక ప్రత్యర్థిగానే పరిచయం.

అపోహ: విలిచ్ యుద్ధవిద్య తెలియని ఆవేశపరుడు, అమెరికా చేరాకే సైనికుడయ్యాడు.

వాస్తవం: 1810లో తూర్పు ప్రష్యాలోని బ్రౌన్స్‌బెర్గ్‌లో పుట్టిన విలిచ్, సైనిక విద్యాలయంలో చదివి ప్రష్యా ఫిరంగి దళంలో అధికారిగా ఏళ్ల తరబడి పనిచేశాడు. రాజకీయ విశ్వాసాల వల్ల కొలువు వదిలి, అధికారి వర్గం ముక్కున వేలేసుకునేలా వడ్రంగం నేర్చుకున్నాడు. 1849లో నైరుతి జర్మనీలోని బాడెన్‌లో జరిగిన తిరుగుబాటులో ఆయన నడిపిన స్వచ్ఛంద దళంలో, మార్క్స్ సహచరుడు ఫ్రెడరిక్ ఎంగెల్స్ ఆయనకు సహాయకాధికారి.

అపోహ: జర్మన్ వలసదారుల ఓట్ల కోసమే ఆయనకు జనరల్ పదవి కట్టబెట్టారు.

వాస్తవం: ఈ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. లింకన్ ప్రభుత్వం కొన్ని నియామకాల్లో జర్మన్ల మద్దతును లెక్కలోకి తీసుకుంది. జర్మన్ వలసదారుల నాయకుడు కార్ల్ షుర్జ్ నియామకమే ఇందుకు ఉదాహరణ. విలిచ్ విషయం వేరు. అమెరికాకు వలస వెళ్లి, 1861లో, యాభై ఏళ్ల వయసులో, లింకన్ పక్షాన ఉత్తరాది సైన్యపు ఒహైయో 9వ రెజిమెంటులో చేరిన ఆయనను, జర్మన్లతో ఏర్పడిన ఇండియానా 32వ రెజిమెంటుకు కల్నల్‌గా గవర్నర్ ఆలివర్ మోర్టన్ తీసుకువెళ్లాడు. 1862 ఏప్రిల్ 7న షైలో యుద్ధంలో కాల్పుల ధాటికి తన సైనికులు తడబడుతున్నప్పుడు, విలిచ్ శత్రువుకు వీపు చూపి నిలబడి, మైదానంలో కవాతు చేయించినట్టే వారిచేత తుపాకీ విన్యాసాలు చేయించి, వరుసలు కుదుటపడ్డాకే మళ్లీ పోరుకు దించాడు. బ్రిగేడియర్ జనరల్ హోదా దక్కింది ఆ తర్వాత, జులైలో. ఏడాది చివర స్టోన్స్ రివర్ యుద్ధంలో దక్షిణాది సేనలకు పట్టుబడి, వారి రాజధాని రిచ్‌మండ్‌లోని లిబ్బీ జైలులో కొన్ని నెలలు గడిపాడు. విడుదలయ్యాక తన బ్రిగేడ్ (కొన్ని రెజిమెంట్ల సమూహం) నాలుగు వరుసలుగా నిలిచి, ఒక వరుస కాల్చి తిరిగి తూటాలు నింపుకొనేలోగా వెనుక వరుస ముందుకు వచ్చి కాల్చే పద్ధతిని లిబర్టీ గ్యాప్ వద్ద ప్రయోగించాడు. నవంబరు 1863లో మిషనరీ రిడ్జ్ అనే కొండను ఎక్కిన దళాల్లో ఆయన బ్రిగేడ్ ముందువరుసలో ఉంది. మరుసటి ఏడాది రెసాకా వద్ద తగిలిన గాయంతో రణరంగ జీవితం ముగిసింది.

అపోహ: సేనాని అయ్యాక పాత ఆశయాలను వదులుకున్నాడు.

వాస్తవం: యుద్ధానికి ముందు సిన్సినాటిలో ఆయన నడిపిన జర్మన్ కార్మిక పత్రిక బానిసత్వాన్ని తీవ్రంగా ఖండించింది. నా దృష్టిలో 1861లో సైన్యంలో చేరాలన్న నిర్ణయం బాడెన్ పోరాటానికి కొనసాగింపే. యుద్ధానంతరం సిన్సినాటి ఉన్న హామిల్టన్ కౌంటీకి ఆడిటర్‌గా పనిచేసి, 1870లో జర్మనీకి వెళ్లి, అరవై ఏళ్ల వయసులో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర తరగతులకు హాజరయ్యాడు.

అపోహ: మార్క్స్‌తో వైరం చివరిదాకా కొనసాగింది.

వాస్తవం: 1850లో, ఇద్దరూ సభ్యులుగా ఉన్న కమ్యూనిస్టు లీగ్ అనే విప్లవ సంఘం చీలినప్పుడు ఇద్దరూ ఎదురెదురు పక్షాల్లో ఉన్నారు, తర్వాత మార్క్స్ ఆయనను ఎగతాళి చేస్తూ ఒక కరపత్రమే ప్రచురించాడు. అదే మార్క్స్ 1875లో, కొలోన్ కమ్యూనిస్టుల విచారణపై తాను రాసిన పాత రచనకు అనుబంధం జోడిస్తూ, విలిచ్ ఊహల్లో విహరించేవాడు మాత్రమే కాదని అమెరికా అంతర్యుద్ధం నిరూపించిందని అంగీకరించాడు. విలిచ్ మరో మూడేళ్లకు, 1878 జనవరిలో, ఒహైయోలోని సెయింట్ మేరీస్‌లో మరణించాడు.