దూరపు పిట్టల కోసం పాత లెన్స్ కొనేటప్పుడు

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఏడాదిన్నరగా ఇద్దరూ కలిసి దాచుకున్న డబ్బుతో నికాన్ 200-500 లెన్స్ (200 నుంచి 500 మిల్లీమీటర్ల దాకా జరిగే, దూరపు వస్తువును దగ్గరగా చూపే జూమ్) కొనాలనుకుంటున్నామని, కొత్తదానికి ఆ డబ్బు చాలదు గనుక సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం పొరపాటవుతుందా అని అడిగారు. పొరపాటు కానే కాదు. గాజు శుభ్రంగా ఉండి, లోపలి మోటారు పనిచేస్తున్నంత కాలం లెన్స్‌కు వయసుతో పనిలేదు. 2015లో విడుదలైన ఆ లెన్స్ ఆనాడు ఎంత చక్కని బొమ్మ ఇచ్చిందో ఈనాడూ అంతే ఇస్తుంది. అయితే దాని లోపాలు అద్దాల అలమారాలో ఉండగా కంటికి కనిపించవు. డబ్బు చేతులు మారకముందే ఒక అరగంట సేపు మొహమాటం లేకుండా పరీక్షించుకోవాలి. ఆ అరగంటలో ఏం చేయాలో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా, ఆ లెన్స్ మీకు నిజంగా అవసరమేనా అన్నది లెక్క వేసి చూద్దాం. వస్తువు దూరాన్ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ పేరులోని ఆ మిల్లీమీటర్ల అంకెతో భాగిస్తే, కెమెరా లోపల బొమ్మ పడే పలక అయిన సెన్సర్ మీద ఆ వస్తువు ఎన్నో వంతుగా పడుతుందో తెలుస్తుంది. నలభై మీటర్ల దూరాన ఉన్న పక్షిని 500 మిల్లీమీటర్ల దగ్గర తీస్తే అది ఎనభయ్యో వంతుగా పడుతుంది. నేలపట్టు చెరువులో గూడు కట్టుకునే గూడబాతు పొడవు సుమారు 1.4 మీటర్లు గనుక, దాని బొమ్మ పదిహేడు మిల్లీమీటర్లు దాటుతుంది. మీ కెమెరా సెన్సర్ వెడల్పు దాదాపు 24 మిల్లీమీటర్లు కాబట్టి చట్రం నిండినట్టే. అదే దూరంలో ఉన్న లకుముకి పిట్ట 28 సెంటీమీటర్లే ఉంటుంది గనుక మూడున్నర మిల్లీమీటర్లకు మించదు. మీ దగ్గర ఇప్పుడున్న 70-300తో తీస్తే అది రెండు మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షులు గట్టుకు చేరువగా ఉంటాయి గనుక పాత లెన్స్‌తోనే సరిపెట్టుకోవచ్చు గానీ, మీరు రాసినట్టు చిన్న పిట్టల మీదే మనసుంటే ఈ కొనుగోలు సబబే. మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ట్రైపాడ్‌కు బిగించే పట్టీతో కలిపి ఈ లెన్స్ దాదాపు 2.3 కిలోల బరువుంటుంది. దుకాణంలో పది నిమిషాలు చేత పట్టుకుని, గంటసేపు మోయగలరో లేదో మీరే నిర్ణయించుకోండి.

రెండో ప్రశ్న, అది మీ కెమెరా బాడీకి సరిపోతుందా అన్నది. నికాన్ ఎఫ్ మౌంట్ (కెమెరాకు లెన్స్ బిగుసుకునే చోటు) 1959 నుంచి ఒకటే గనుక ఏ లెన్సైనా ఏ బాడీకైనా పనిచేస్తుందని దుకాణాల్లో చెబుతారు. బిగుసుకోవడం వేరు, పనిచేయడం వేరు. మీ నికాన్ డీ5600 కెమెరాలో ఫోకస్ మోటారు లేదు. అందువల్ల తనలో మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ రకాల లెన్సులే దాని మీద తమంతట తాము ఫోకస్ చేస్తాయి. మీరు కొనదలచిన 200-500 ఏఎఫ్-ఎస్ రకమే. చవకగా దొరికే, మోటారు లేని పాత 80-200 ఏఎఫ్-డీ లాంటివి మీరు చేత్తో తిప్పుకోవలసిందే. నా పాత డీ90 కెమెరాది దీనికి తలకిందుల వ్యవహారం. అందులో మోటారు ఉంది గనుక ఆ పాత లెన్సులు చక్కగా పనిచేస్తాయి గానీ, మీరు కొనదలచిన 200-500లో అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) విద్యుత్ సంకేతంతో కదిలే రకం కావడంతో దాన్ని మార్చడం నా కెమెరాకు చేతకాదు. కనుక ఏ లెన్సైనా మీ సొంత బాడీకి తగిలించి చూడందే మాట ఇవ్వకండి.

ఇక అసలు పరీక్షకు వద్దాం. దీన్ని టార్చ్‌తో చేయాలి. వెనకా ముందూ మూతలు తీసి, గదిలో వెలుతురు తగ్గించి, ఒకవైపు నుంచి టార్చ్ కాస్త ఏటవాలుగా వేస్తూ రెండోవైపు నుంచి లోపలికి చూడండి. తరువాత లెన్స్ తిప్పి పట్టుకుని మళ్లీ అలాగే చూడండి. మౌంట్ దగ్గర చిన్న మీట ఉన్న నికాన్ లెన్సులలో ఆ మీటను వేలితో జరిపితే గాని అపర్చర్ రేకులు తెరుచుకోవు. వదలగానే రేకులు టక్కున మూసుకోవాలి. వాటి మీద నూనె మెరుపు కనిపించకూడదు. టార్చ్ వెలుగులో ఎంత మంచి లెన్సైనా దుమ్ముతో నిండినట్టే కనిపిస్తుంది గనుక కంగారుపడవద్దు. నాలుగు ధూళి కణాల వల్ల బొమ్మకు నష్టమేమీ ఉండదు. ముందు గాజు మీది సన్నని గీత కూడా చాలావరకు హాని చేయదు గానీ, సెన్సర్‌కు దగ్గరగా ఉండే వెనక గాజు మీది గీత మాత్రం బొమ్మలో తెలుస్తుంది.

మీరు వెతకవలసింది ఫంగస్. మన భాషలో సాలీడు అల్లినదాన్నీ, తేమకు పట్టేదాన్నీ కూడా బూజు అనే అంటాం. లెన్స్‌లో పట్టేదానికి ఈ మాట రెండర్థాల్లోనూ అతుకుతుంది. తేమకు పుట్టి, గాజు అంచు నుంచి లోపలికి సాలెపోగుల్లా సన్నని కొమ్మలు చాస్తూ పాకుతుంది. అది విడుదల చేసే ఆమ్లాలు గాజు మీది పూతను తినేస్తాయి. శుభ్రం చేయిస్తే బూజు పోతుంది గానీ, తినేసిన పూత తిరిగి రాదు. పోగులేవీ లేకుండా పలచని పాలపొరలా మసక కనిపించినా ఆ లెన్స్ తీసుకోవద్దు.

నేనింత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. చాలా ఏళ్ల క్రితం, సముద్రతీరంలోని ఒక పట్టణంలో, వానాకాలంలో, ఒక దుకాణంలో ట్యూబ్‌లైటు వెలుగున చూసి ఒక జూమ్ లెన్స్ కొన్నాను. గోడకేసి తీసిన బొమ్మలు బాగానే వచ్చాయి. ఎండలో, తెల్లని ఆకాశం మీదుగా ఎగిరే కొంగలను తీసినప్పుడు మాత్రం నలుపు నలుపులా రాక, ప్రతి బొమ్మా పొగమంచు కమ్మినట్టు వచ్చింది. మెకానిక్ విప్పి చూస్తే లోపలి గాజుల్లో రెండింటి మీద బూజు గుర్తులు ఉన్నాయి. శుభ్రం చేయించినా గుర్తులు అలాగే ఉండిపోయాయి. నా చేతిలో ఆనాడు టార్చ్ ఉండి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

గాజు బాగుందనిపిస్తే లోహాన్ని చూడండి. మౌంట్ మీది స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం. ఎందుకు విప్పారో అమ్మేవారినే అడగాలి. ముందు అంచున ఫిల్టర్ బిగించే మరలు సొట్టపడి ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడింది. జూమ్ రింగు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే బిగువుతో, గరగర లేకుండా తిరగాలి.

తరువాత మీ కెమెరాతో, మీ కార్డులోనే బొమ్మలు తీయండి. వీధి అవతల పాతిక ముప్పై మీటర్ల దూరంలో తెలుగు అక్షరాలున్న బోర్డు ఏదైనా చూసుకోండి. తలకట్లు, వత్తులు ఉన్న మన లిపి ఈ పరీక్షకు ఎంతో అనువైనది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, వణుకు తగ్గించే వీఆర్ మీటను ఆపి, 200, 350, 500ల దగ్గర ఆ బోర్డును చట్రంలో మధ్యన ఒకసారి, ఎడమన ఒకసారి, కుడిన ఒకసారి ఉంచి, ప్రతిసారీ దాని మీదే ఫోకస్ చేసి తీయండి. ఒక అంచున వత్తులు స్పష్టంగా ఉండి రెండో అంచున ప్రతిసారీ అలుక్కుపోతే, లోపలి గాజు ఒకటి పక్కకు జరిగిందన్నమాట. మధ్యలోనే మసకగా ఉంటే అదే బొమ్మను లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ తీయండి. అప్పుడు స్పష్టంగా వస్తే గాజు మంచిదే, ఫోకస్ సర్దుబాటే తప్పింది. ఆ తేడాను సరిచేసుకునే సదుపాయం మీ డీ5600లో లేదు గనుక అలాంటి లెన్స్ మీకు పనికిరాదు. చివరగా వీఆర్ వేసి, చేత్తో పట్టుకుని సెకనులో అరవయ్యో వంతు వేగంతో పది బొమ్మలు తీయండి. లోపల సన్నని గుర్రుమనే శబ్దం మామూలే. వ్యూఫైండర్‌లో దృశ్యం ఉలిక్కిపడుతున్నట్టు ఎగిరితే అది లోపమే.

బిల్లు మీది సీరియల్ నంబరు, లెన్స్ మీది నంబరు ఒకటేనని సరిచూసుకోండి. బిల్లు లేని వస్తువు ఎంత చవకైనా వద్దు, అది ఎవరి దగ్గర పోయిన వస్తువో మనకు తెలియదు. లోపం బయటపడితే వారంలోగా వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాయించుకోండి. ముఖం చూడని మనిషికి ముందుగా డబ్బు పంపకండి.

కొని తెచ్చాక దాన్ని బ్యాగులోనే వదిలేయకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు చిన్న తేమ మీటరు పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ గింజల రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బయటికి తీసుకువెళ్లినప్పుడు కెమెరాను పట్టుకుని లెన్స్‌ను వేలాడదీయకుండా, లెన్స్‌కున్న పట్టీని పట్టుకోండి. లేకపోతే అంత బరువూ మౌంట్ మీదే పడుతుంది.

ఏ రోజు వెళ్తున్నారో రెండు రోజుల ముందు చెప్పండి. బోర్డు పరీక్షకు మీ దగ్గరున్న తేలిక ట్రైపాడ్ ఈ బరువుకు ఆగదు, నాది పంపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య