పల్ప్ పత్రికల నేరకథలు: అపోహలు - వాస్తవాలు

పాత కథా పత్రికలకు సూచికలు తయారుచేసే పనిలో ఉన్నందువల్ల, అమెరికాలో 1900ల తొలి దశకాల్లో వచ్చిన పల్ప్ పత్రికల (చౌక కాగితం మీద అచ్చయిన కథా పత్రికల) గురించి కొన్ని మాటలు నాకు పదేపదే వినిపిస్తుంటాయి. ఆ కథలను తర్వాతి కాలపు సంపుటాల్లో మాత్రమే చదివి, అసలు సంచికలను చూడకపోవడం వల్లనే వాటిలో చాలా మటుకు పుట్టాయని నా అభిప్రాయం.

అపోహ: పల్ప్ పత్రిక ‘బ్లాక్ మాస్క్’ మొదటి నుంచీ కరకు డిటెక్టివ్ కథల (హింసను, నేరలోకాన్ని మొహమాటం లేకుండా చూపే ‘హార్డ్‌బాయిల్డ్’ కథల) పత్రిక, ఆ ధోరణికి ఆద్యుడు రచయిత డాషియల్ హామెట్.

వాస్తవం: ఈ రెండూ సరికావు. సంపాదకులు హెచ్.ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నేథన్ తమ ‘స్మార్ట్ సెట్’ సాహిత్య పత్రికకు ఆర్థికంగా ఆసరా కావలసి వచ్చి, 1920 ఏప్రిల్‌లో బ్లాక్ మాస్క్‌ను ప్రారంభించారు. 500 డాలర్ల పెట్టుబడితో మొదలుపెట్టి, ఎనిమిది సంచికలు తెచ్చాక 12,500 డాలర్లకు అమ్మేశారు. తొలి సంచికల్లో నేరపరిశోధనతో పాటు సాహసం, ప్రేమ, ఆత్మలతో సంభాషణల వంటివన్నీ కలగాపులగంగా ఉండేవి. కేవలం డిటెక్టివ్ కథలకే కేటాయించిన పత్రికను స్ట్రీట్ అండ్ స్మిత్ సంస్థ అంతకు ముందే, 1915లో, ‘డిటెక్టివ్ స్టోరీ మ్యాగజైన్’ పేరుతో తెచ్చింది. ఇక తుపాకీతోనే తీర్పు చెప్పే ప్రైవేటు డిటెక్టివ్‌ను బ్లాక్ మాస్క్ పాఠకులకు 1923 మే నెలలో పరిచయం చేసినవాడు క్యారల్ జాన్ డేలీ. ఆయన వచనం ఈనాడు మొరటుగా తోస్తుంది గానీ, ఆనాటి పాఠకుల్లో ఆయనకున్న ఆదరణ హామెట్‌కున్న దానికి తీసిపోలేదు. పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో పనిచేసిన అనుభవం గల హామెట్, ‘కాంటినెంటల్ ఆప్’ అనే, పేరులేని తన డిటెక్టివ్ పాత్ర తొలి కథను అదే ఏడాది అక్టోబరులో, పీటర్ కాలిన్సన్ అనే మారుపేరుతో ప్రచురించాడు. 1926లో సంపాదకుడైన జోసెఫ్ షా ఆ ధోరణిని ఏరి, పెంచి, పత్రిక ముద్రగా మార్చాడు.

అపోహ: గొప్ప నవలలు వేరు, పల్ప్ కథలు వేరు.

వాస్తవం: హామెట్ రాసిన ‘ద మాల్టీజ్ ఫాల్కన్’ 1929 సెప్టెంబరు నుంచి 1930 జనవరి వరకు బ్లాక్ మాస్క్‌లో ధారావాహికగా వచ్చాకే పుస్తకమైంది. రేమండ్ చాండ్లర్ తొలి నవల ‘ద బిగ్ స్లీప్’ (1939) చాలావరకు, ఆయన అదే పత్రికకు రాసిన రెండు పాత కథలను కలిపి అల్లినది. పత్రికలో కథను, నవలలో అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టి చదివితే రచయిత చేతిపని కనిపిస్తుంది.

అపోహ: మాటకు ఒక సెంటు చొప్పున చెల్లించేవారు కాబట్టి అన్నీ చుట్టచుట్టి పడేసిన రాతలే.

వాస్తవం: పారితోషికం తక్కువన్నది నిజమే, కొందరు వాయువేగంతో రాశారన్నదీ నిజమే. న్యాయవాది ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ ఏడాదికి పది లక్షల మాటలకు పైగా రాసిన ఘనుడు. కానీ చమురు కంపెనీలో ఉద్యోగం పోయి రచనలోకి దిగిన చాండ్లర్, 1933 డిసెంబరులో అచ్చయిన తొలి కథ మీద ఐదు నెలలు పనిచేసి 180 డాలర్లు అందుకున్నాడు.

అపోహ: అది పూర్తిగా మగవాళ్ల లోకం.

వాస్తవం: బ్లాక్ మాస్క్ తొలి సంపాదకురాలు ఫ్లారెన్స్ ఆస్‌బోర్న్, ఆమె పేరు ఎఫ్.ఎం. ఆస్‌బోర్న్ అనే అచ్చయ్యేది కనుక పాఠకులు పురుషుడే అనుకొని ఉండవచ్చు. షా వెళ్లిపోయాక, 1936 నుంచి 1940 వరకు పత్రికను నడిపింది ఫానీ ఎల్స్‌వర్త్.

అపోహ: టెలివిజన్ రాకతో పల్ప్ పత్రికలు మూతపడ్డాయి.

వాస్తవం: స్ట్రీట్ అండ్ స్మిత్ సంస్థ డిటెక్టివ్ స్టోరీ సహా తన పల్ప్ పత్రికల్లో దాదాపు అన్నింటినీ 1949లో ఆపేసింది. 1950 నాటికి కూడా అమెరికాలో టెలివిజన్ ఉన్న ఇళ్లు పదింట ఒకటి మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధ కాలపు కాగితం కొరత, 1939 నుంచి పాకెట్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 25 సెంట్లకే అమ్మిన చిన్న పుస్తకాలు, పాఠకులను లాక్కున్న కామిక్స్ అప్పటికే ఈ వ్యాపారాన్ని కుంగదీశాయి. బ్లాక్ మాస్క్ 1951 వరకు నెట్టుకొచ్చింది.